బోదకాలు గోలీకి సైటేషన్లు ఎన్ని?

వైద్య పరిశోధకుడి విలువ తేల్చడానికి మూడు అంకెలు చాలని ఇప్పుడు గట్టి నమ్మకం: ఎన్ని పేపర్లు రాశాడు, వాటికి ఎన్ని సైటేషన్లు (ఇతరుల ఉదహరింపులు) వచ్చాయి, హెచ్-ఇండెక్స్ ఎంత. ఆదిలాబాద్‌లో రిమ్స్ మెడికల్ కాలేజీ 2008 నుంచి ఉంది. జగిత్యాల, రామగుండం, మంచిర్యాలలో 2022లో, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరుచుకున్నాయి. వాటిలో చేరిన యువ అధ్యాపకుల నెత్తిన మొదటి రోజే ఈ లెక్క కూర్చుంటోంది. ఇది తప్పుడు లెక్క. ఈ జిల్లాల రోగులకు నష్టం చేసే లెక్క.

దీన్ని మన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుకే వర్తింపజేసి చూద్దాం. హార్వర్డ్‌లో ఇంకా విద్యార్థిగా ఉండగా, 1925లో, తన గురువు ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించాడు. జీవరసాయన శాస్త్రంలో అత్యధిక సైటేషన్లు పొందిన పేపర్లలో అదొకటి. కారణం సులువు: ఫాస్ఫరస్ కొలిచిన ప్రతివాడూ దాన్ని పేర్కొనాల్సిందే. కొలత పద్ధతులకు సైటేషన్లు పోగుపడతాయి, అది వాటి స్వభావం. అదే సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీలో నడిపించిన పరిశోధన నుంచి అమినోప్టెరిన్ వచ్చింది. రక్త క్యాన్సర్ పిల్లల్లో ఆ మందు పనిచేసిందని సిడ్నీ ఫార్బర్ బృందం 1948లో ప్రకటించింది. ఆ పేపర్ రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. ఆయన విభాగం నుంచే వచ్చిన యాంటీబయోటిక్ ఆరియోమైసిన్‌ను లోకానికి చెప్పిన పేపర్ మీద ఉన్నది ఆయన సహోద్యోగి డగ్గర్ పేరు. అంకెల ప్రకారం ఆయన జీవితంలో పెద్ద పని విద్యార్థి దశలోనే అయిపోయింది. ఇంత వక్రమైన తీర్పు ఇచ్చే కొలమానాన్ని నమ్మడం ఎలా?

హెచ్-ఇండెక్స్ ఇంకా విచిత్రం. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దాన్ని ప్రతిపాదించాడు. ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లు వచ్చాయో, ఆ అంకే అది. ఒకే పేపర్ రాసి, దానికి ఇరవై వేల సైటేషన్లు వచ్చినా ఆ మనిషి హెచ్-ఇండెక్స్ 1. పది సార్ల చొప్పున ఉదహరించిన పది సాదా పేపర్లున్న మనిషికి 10. పైగా సైటేషన్‌కు మెచ్చుకోలు, ఖండన తేడా తెలియదు. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ 1998 పేపర్‌ను లాన్సెట్ జర్నల్ 2010లో ఉపసంహరించుకుంది. దాన్ని వెయ్యికి పైగా రచనలు ఉదహరించాయి, ఎక్కువగా తప్పుపట్టడానికే. లెక్కలో మాత్రం అన్నీ ఒకటే.

ఇక కరీంనగర్‌కు వద్దాం. ఈ జిల్లా బోదకాలు ప్రాంతం. సుబ్బారావు బృందం 1947లో తెచ్చిన హెట్రజాన్, అంటే డీఈసీ, ఇక్కడి పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి మింగించిన గోలీ. దేశమంతటా ఈ సామూహిక పంపిణీ 2004లో మొదలైంది. ఈ రోగం మీద పరిశోధన ఎలా ఉంటుందో చూడండి. బోదకాలు తెచ్చే ఫైలేరియా క్రిమి పిల్లలు రక్తంలో రాత్రిపూటే తిరుగుతాయి. కాబట్టి జనం పడుకునే వేళకు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వేలు గుచ్చి, రక్తపు పూత తీయాలి. గోలీ మింగాక క్రిములు చచ్చే క్రమంలో జ్వరం, తలతిప్పు వస్తాయి. దాంతో మరుసటి ఏడు గోలీ వద్దంటారు. ఎందుకు వద్దంటున్నారో కూర్చుని అడిగి రాసుకోవాలి. అలా రెండు మూడేళ్ళు తిరిగితే ఒక పేపర్ వస్తుంది. దాన్ని ఉదహరించేది ఆ రోగం మీదే పనిచేసే కొద్దిమంది. పేదల రోగాల మీద రాసేవాళ్ళే తక్కువైనప్పుడు సైటేషన్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఆదిలాబాద్‌లో గోండు, కొలాం పిల్లల్లో సికిల్ సెల్ రక్తరోగం కథా ఇంతే. 2047 నాటికి దాన్ని నిర్మూలిస్తామని కేంద్రం 2023లో మిషన్ మొదలుపెట్టింది. ఉట్నూరు ఏజెన్సీలో ఒక పిల్లను గుర్తించి, పెళ్ళీడు దాకా మందు ఆగకుండా చూసి, ప్రతి నొప్పీ, ప్రతి రక్తమార్పిడీ నమోదు చేయడం పదేళ్ళ పరిశోధన. ప్రమోషన్ అంతకాలం ఆగదు. 2022 జాతీయ వైద్య కమిషన్ నిబంధనల్లో అసోసియేట్ ప్రొఫెసర్‌కు రెండు పేపర్లు, ప్రొఫెసర్‌కు నాలుగు ఉండాలన్నారు. మరి తెలివైన అధ్యాపకుడు ఏం చేస్తాడు? వార్డుకొచ్చిన యాభై మంది రోగుల కేస్ షీట్లతో ఆరు నెలల్లో ఒక పేపర్ కానిస్తాడు. ఇంకొందరు డబ్బు కడితే వారం తిరక్కుండా అచ్చేసే జర్నళ్ళ వైపు వెళ్తారు. ఆ మనుషుల్ని తిట్టి లాభం లేదు, దారి చూపింది నిబంధనే.

అంకెలు తీసేస్తే పైరవీలే రాజ్యమేలతాయని అవతలివాళ్ళ వాదన. ఆ భయం నిజమైనదే. పలుకుబడి లేని ఇంటి నుంచి వచ్చిన డాక్టరుకు నాలుగు అచ్చు పేపర్లు రక్షణే, కాదనను. కానీ అంకెలు పైరవీని ఆపాయా? చెయ్యని పనికి రచయితల వరసలో పేరు దూర్చడం పైరవీ కాదా? తమ పేపర్లను తామే ఉదహరించుకునే ముఠాలు ఎక్కడివి? పరిశోధనను అంకెలతో కాక అందులోని సరుకుతో తూచాలని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో శాస్త్రవేత్తలు, సంపాదకులు ప్రకటన కూడా రాశారు.

ప్రమోషన్ కమిటీ అభ్యర్థి ఎంచుకున్న రెండు పేపర్లను పూర్తిగా చదవాలి. అభ్యర్థిని కూర్చోబెట్టి వాటి మీద గంటసేపు ప్రశ్నించాలి. చెయ్యనివాడు అక్కడే దొరికిపోతాడు. బోదకాలు రాత్రి సర్వేనీ, సికిల్ సెల్ రిజిస్టరునూ బయటి జిల్లా నిపుణుడి చేత తనిఖీ చేయించి, పేపర్‌తో సమానంగా లెక్కించాలి. సర్వే తర్వాత ఆ ఊళ్ళో గోలీ మింగినవాళ్ళు పెరిగారా లేదా అని కమిటీ జిల్లా మలేరియా అధికారిని అడగాలి. జవాబును అభ్యర్థి ఫైల్లో, సైటేషన్ల గడి కంటే ముందు రాయాలి.