గుట్ట ఖాళీగా లేదు బాసూ!

వినాయక చవితికి పత్రి కట్ట కొంటాం కదా, అందులో విష్ణుక్రాంత ఎప్పుడైనా చూశారా? ఇరవై ఒక్క పత్రాల్లో దాని పేరుంటుంది. కట్టలో మాత్రం చాలాసార్లు ఉండదు. ఏదో పచ్చని ఆకు చేతికొస్తే మనమూ ‘పూజయామి’ అనేస్తాం.

అసలు మొక్క నేలనంటి పాకుతుంది. చిన్న ఆకులు, మెత్తటి నూగు. పువ్వు చిటికెన వేలి గోరంత, నీలం రంగు. పొద్దున్నే విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. ఆదివారం పదకొండింటికి లేచి వెళ్తే దొరకదు (స్వానుభవం).

రెండేళ్ల కిందట దాన్ని చూసి ముచ్చటపడి, పెకిలించి తెచ్చి కుండీలో పెట్టా. మంచి మట్టి, పశువుల ఎరువు, రోజూ నీళ్లు. పది రోజుల్లో పోయింది. వేరు సగం గుట్ట మీదే తెగిపోయింది మరి. పైగా దానికి కావాల్సింది గరుసు నేల, నిండా ఎండ. నీళ్లు నిలిస్తే బతకదు.

పెంచాలంటే విత్తనమే దారి. ఎండిన కాయలో నాలుగు దాకా గింజలుంటాయి. అన్నీ కోసేయకుండా కొన్నే తీసుకోండి. పెంకు గట్టిది కాబట్టి గరుకు కాగితంతో కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి, వానలు పడ్డాక అదే గరుసులో పైపైన చల్లాలి. తవ్వకాలు వద్దు.

నర్సరీలో అడిగితే ‘బ్లూ డేజ్’ చేతిలో పెట్టొచ్చు. చుట్టమే కానీ దక్షిణ అమెరికాది, పువ్వు పెద్దది. బాల్కనీకి ఓకే. గుట్ట మీదకి మాత్రం వద్దు.

ఇప్పుడు అసలు గొడవ. ఈ ఆగస్టులో మా కాలనీ గ్రూపులో ‘గుట్ట ఖాళీగా ఉంది, చెట్లు నాటుదాం’ అని మెసేజ్. మొదటి థంబ్సప్ నాదే! పొద్దున్నే వెళ్లి చూస్తే, గుంతలకి సున్నం గుర్తులు పెట్టిన చోటంతా నీలి చుక్కలు. చెట్లు ఎదిగి నీడ కమ్మితే ఇవి ఉండవు. గడ్డినేల అంటే బంజరు కాదు. కర్నూలు వైపు రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసింది అలాంటి గడ్డిమైదానాన్నే.

చెట్లు రోడ్డు పక్కన నాటుదామన్నా. కొందరు సరేనన్నారు. కొందరు ‘ఇంత పువ్వు కోసమా?’ అని నవ్వే ఎమోజీలు పెట్టారు. గుంతలు ఇంకా తవ్వలేదు. ఈ ఆదివారం ఏడింటికల్లా ఆ ఎమోజీల బ్యాచ్‌ని గుట్ట మీదకి రమ్మన్నా. టీ ఖర్చు నాదే.