మందిరం గడప దాటని మన యాస

ధ్యాన భాగాలు: మత్తయి 26:69-75, అపొస్తలుల కార్యములు 2:5-11



ఈసారి ఒక సినిమా పాటతో మొదలుపెడుతున్నాను. ఇక్కడే కొంతమందికి కోపం వస్తుందని తెలుసు. కోపం వచ్చినా సరే, చివరిదాకా చదవండి.

2018లో 'కృష్ణార్జున యుద్ధం' అనే సినిమాలో 'దారి చూడు' పాట వచ్చింది. పెంచల్ దాస్ గారు మన సీమ యాసలోనే రాసి పాడారు. పల్లె జానపదం నడక, దాని కింద పట్నం వాయిద్యాలు. ఆటోల్లో, పెండ్లి ఊరేగింపుల్లో, కాలేజీ పండగల్లో అదే పాట. అదే ఏడాది 'అరవింద సమేత వీర రాఘవ'లో ఆయనే 'రెడ్డమ్మ తల్లి' రాశారు. కక్షల్లో పెనిమిటిని పోగొట్టుకున్న ఆడకూతురి చుట్టూ తిరిగే ఏడుపు పాట అది. ఒకటి నవ్వించింది, ఒకటి ఏడిపించింది. మన మాట నవ్వుకూ ఏడుపుకూ కూడా సరిపోతుందని రెండు పాటలూ రుజువు చేశాయి.

నా ప్రశ్న ఇది. థియేటరులోకి పోగలిగిన మన యాస మన మందిరంలోకి ఎందుకు రాలేకపోతోంది?

చెప్పులు గడప బయట విడిచినట్టు మనం మాటను కూడా బయటే విడిచి వస్తున్నాము. బావి దగ్గర "యాడికి పోతాండావు నాయనా" అని ప్రేమగా పలకరించే అవ్వ, ప్రార్థనకు లేచేసరికి తనకే అర్థం కాని పెద్ద పెద్ద మాటలు వెతుక్కుంటుంది. తప్పు అవ్వది కాదు. ఆమె మామూలుగా మాట్లాడితే దేవునికి గౌరవం తగ్గుతుందని ఎవరో నేర్పించారు. యవనస్థులు పల్లె బాణీలో ఒక పాట కట్టుకొని వస్తే "ఇది ఆరాధనా, జాతరా?" అని అడిగేవాళ్ళున్నారు. అదే పిల్లలు యూట్యూబులో ట్రాకు దించుకొని, పట్నపు గొంతును అనుకరిస్తూ పాడితే "ఆత్మీయంగా ఉంది" అని మెచ్చుకుంటారు. ఆ పాటలను నేను తప్పుపట్టడం లేదు. మనది తక్కువ, పరాయిది పరిశుద్ధం అనే ఆ తక్కెడను తప్పుపడుతున్నాను.

వాక్యం దగ్గరికి వద్దాం. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట పేతురు ఎట్లా దొరికిపోయాడు? మొహం చూసి మాత్రమే కాదు. నీ పలుకే నిన్ను పట్టిస్తోందని అక్కడ నిలబడినవాళ్ళు అన్నారు. గలిలయ యాస అది. యెరూషలేము వాళ్ళకు గలిలయవాడంటే మోటువాడు. నజరేతు నుంచి మంచిది వస్తుందా అని నతనయేలు అడిగింది కూడా ఆ చిన్నచూపుతోనే. ఆ రాత్రి పేతురు ఆ యాసతోనే బొంకాడు. కానీ పెంతెకొస్తు దినాన దేవుడు పేతురు యాసను మార్చి, దిద్ది, ఆ తర్వాత నిలబెట్టలేదు. వింటున్న జనం మొదట ఆశ్చర్యపోయింది వీళ్ళందరూ గలిలయవాళ్ళు కదా అనే. పరిశుద్ధాత్మ దిగివచ్చాక కూడా వాళ్ళు గలిలయవాళ్ళుగానే తెలిసిపోయారు. విన్నవాళ్ళకు ఎవరి ఇంటి భాష వాళ్ళకు వినిపించింది.

మార్కు సువార్తలో ఇంకొకటి చూడండి. సువార్త గ్రీకులో రాశారు. అయినా యాయీరు కూతురిని లేపేటప్పుడు ప్రభువు పలికిన 'తలీతా కుమీ' అన్న మాటను మార్కు అట్లాగే ఉంచాడు. సిలువ మీద వేసిన కేకనూ అట్లాగే ఉంచాడు. చచ్చిన బిడ్డను లేపడానికి, చావబోతూ తండ్రిని పిలవడానికి మన ప్రభువు నోట వచ్చింది ఇంట్లో మాట్లాడుకునే మాటే. ఆయనకు లేని నామోషీ మనకెందుకు?

యాసను బట్టి మనిషిని కొలవడం ఎక్కడికి తీసుకుపోతుందో కూడా బైబిలు దాచలేదు. న్యాయాధిపతులు 12వ అధ్యాయంలో ఒక్క మాట సరిగా పలకలేదని యొర్దాను రేవుల దగ్గర మనుషులను చంపారు. కూలిన ఎఫ్రాయిమీయులు 42,000 మంది అని రాసి ఉంది.

ఇప్పుడు మన పాటల లోపలికి చూద్దాం. మన పాటల్లో యొర్దాను పారుతుంది. హంద్రీ పారదు, కుందూ పారదు. షారోను పువ్వు పూస్తుంది, తంగేడు పూయదు. కీర్తనకారుడు యొర్దాను గురించి, హెర్మోను గురించి ఎందుకు పాడాడు? అవి ఆయన ఊరి నీళ్ళు, ఆయన ఊరి కొండలు. దావీదు గొర్రెలు కాసినవాడు గనుక కాపరి పాట కట్టాడు. కరువొస్తే గొర్రెలను తోలుకొని నల్లమల ఎక్కే కాపరులు మన దగ్గరా ఉన్నారు. వాళ్ళ బతుకు మీద మన కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారు 'కొండపొలం' నవల రాశారు, 2021లో అది సినిమాగానూ వచ్చింది. 23వ కీర్తనలోని చీకటి లోయ అంటే ఏమిటో అడవిలో రాత్రిపూట మందకు కావలి కాసినవానికి నాకంటే బాగా తెలుసు. అతని చేత ఒక పాట కట్టించాలని మనలో ఎవరికీ తోచలేదు.

మన సంఘాలు ఎట్లా పెరిగాయో గుర్తు చేసుకోండి. లండన్ మిషన్ వారు 1822లోనే కడపలో పని మొదలుపెట్టారు. కానీ మన మాలపల్లెలు, మాదిగ గేరులు ఎన్నో గుంపుగా ప్రభువు దగ్గరికి నడిచింది 1876-78 నాటి ధాత కరువులో, ఆ తర్వాతి ఏళ్ళలో. ఆకలిలో పుట్టిన సంఘం మనది. మరి ఆ ఆకలి మన పాటల్లో ఎక్కడుంది? 1866 కరువులో వేల మందికి గంజి పోసిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి మీద పల్లె జనం పాట కట్టుకున్నారు. ఊరు తన కరువును పాటలో దాచుకుంది. సంఘం దాచుకోలేదు. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు విలాపమే అని సెమినరీలో చదువుకుంటాము. మన ఆదివారం ఆరాధనలో విలాపానికి రెండు నిమిషాలు కూడా లేదు. వాన రాని ఏడు కూడా 'సంతోషమే' పాడి ఇంటికి పోతాము.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో సీమోర్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడ 1951లో పుట్టిన జాన్ మెలెన్‌క్యాంప్ పాటగాడయ్యాడు. ఆ ఇంటిపేరు అమ్ముడుపోదని మేనేజరు మొదట్లో 'జానీ కూగర్' అని పేరు తగిలించాడు. తర్వాత అతను తన ఇంటిపేరు తిరిగి పెట్టుకున్నాడు. 1985లో తను పెరిగిన చిన్న ఊరి మీదే 'స్మాల్ టౌన్' అని, పల్లె బాణీకి రాక్ సంగీతం కలిపి పాడాడు. అదే ఏడాది సెప్టెంబరులో విల్లీ నెల్సన్, నీల్ యంగ్‌లతో కలిసి అప్పుల పాలైన రైతుల కోసం 'ఫామ్ ఎయిడ్' కచేరీ నిలబెట్టాడు. అతనిని భక్తుడని నేను చెప్పడం లేదు. ఊరి పాట నిజమైనదైతే అది పాటతో ఆగదు, ఊరి అప్పు దాకా పోతుంది అని మాత్రం చెప్తున్నాను. లోకస్థులు చేయగలిగింది సంఘం చేయలేదా?

ఇక అభ్యంతరాలు.

"అది సినిమా బాణీ, పాస్టర్ గారూ" అంటారు. సినిమా పుట్టకముందే మన జేజులు కళ్ళంలో, కలుపులో, చెనిక్కాయలు ఒలిచేకాడ ఆ బాణీలు పాడారు. బావి మనది. సినిమావాళ్ళు వచ్చి చేదుకొని పోయారు. వాళ్ళు చేదుకున్నారని మన బావిని మనమే పూడ్చుకుంటామా?

"పలక మన పెద్దలు బాప్తిస్మంతోనే కింద పెట్టేశారు" అంటారు. ఈ మాటకు నేను తలవంచుతాను. పీనుగ ముందు కొట్టమంటే కొట్టాలి, జాతరలో కొట్టమంటే కొట్టాలి, కూలి అడిగే దిక్కు లేదు. ఆ వెట్టి నుంచి బయటపడ్డామని చెప్పడానికే వాళ్ళు పలకను, తప్పెటను కింద పెట్టారు. అది పిరికితనం కాదు, విడుదల. ఆ గాయం ఇంకా నొప్పి పెట్టే పెద్దల ముందు ఎవరూ మొండిగా పలక మోగించవద్దు. కానీ ఆనాటి పాపం తోలులో లేదు, కొట్టమని శాసించిన నోటిలో ఉంది. ఎవరి ఆజ్ఞా లేకుండా, మన దేవుని కోసం, మన ఇష్టంతో కొడితే అది కూడా విడుదలే. 150వ కీర్తన ఏ వాయిద్యాన్నీ గడప బయట నిలబెట్టలేదు.

"పాత కీర్తనలు చాలవా?" అంటారు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను నేను ప్రాణంగా పాడుకుంటాను. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి. ఆయన తను పుట్టి పెరిగిన సంగీతాన్ని దేవుని పాదాల దగ్గర పెట్టాడు. ఆయనను గౌరవించడమంటే ఆయన చేసిన పనే మనమూ చేయడం. మనం పుట్టి పెరిగిన సంగీతాన్ని మనమూ తేవాలి.

యవనస్థులకు కూడా ఒక మాట. యాసను వేషంగా వేసుకోవద్దు. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చినప్పటి నుంచి సీమ అంటే వేటకొడవలి, సుమోలు అని లోకానికి చూపించారు. లేదంటే నవ్వించడానికి మన మాటను వాడుకున్నారు. మనమూ మీసం మెలేసి, కేక వేసి దాన్నే సీమ పాట అంటే మనల్ని మనమే అమ్ముకున్నట్టు. 'మా ఊరు బంగారం' అని తీపిగా పాడడమూ సగం అబద్ధమే. ఊరికి ఒక చివర గేరి ఎందుకుందో ఆ పాట చెప్పదు. ప్రభువు నజరేతువాడనే పిలిపించుకున్నాడు. సిలువ మీద పలకలోనూ ఊరి పేరే ఉంది. అయినా అదే నజరేతు సమాజ మందిరంలో నిజం చెప్పి, కొండ అంచు దాకా నెట్టించుకున్నాడు. ఊరిని ప్రేమించడమూ, ఊరికి నిజం చెప్పడమూ ఆయన దగ్గరే నేర్చుకోవాలి. ఆదోని, కోసిగి వైపు నుంచి మిరపకాయల కోతకు గుంటూరుకు పోయే కుటుంబాల పాట, తాళం వేసిన ఇంటి ముందు మిగిలిన ముసలమ్మ పాట మీరు కట్టండి. అది ఆరాధన.

కాబట్టి మూడు పనులు అడుగుతున్నాను. మీ అవ్వ, మీ జేజి దగ్గర కూర్చొని ఆమె పాటలను ఫోనులో రికార్డు చేసి ఉంచండి. ఆమె పోతే అవీ పోతాయి. నెలకు ఒక ఆదివారం మన మాటలో, మన బాణీలో ఒక పాట మందిరంలో పాడదాం. మూడోది, ఎవరైనా తమ యాసలో ప్రార్థిస్తే పక్కవాళ్ళు మూతి విరవవద్దు. కంపెనీల్లో యాస దాచుకొని బతికే బిడ్డలారా, అది మీ కష్టం, నాకు తెలుసు. కనీసం తండ్రి ముందు మోకరించినప్పుడైనా దాచుకోకండి.

ప్రార్థన: నాయనా, మా అమ్మ ఒడిలో మాకు మాట నేర్పింది నువ్వే. ఆ మాటతోనే నిన్ను పిలుస్తాండాము. వాన లేని మా చేన్లను, వలస పోయిన మా ఇండ్లను మా పాటలో నీ ముందర పెడతాండాము. విను సామీ. మా నోట్లో సిగ్గు తీసెయ్యి. యేసు నామంలో అడుగుతాండాము తండ్రీ, ఆమేన్.