ఆ పుటలో 'మేము' ఎవరు?

యాత్ర ముగించి ఇల్లు చేరిన మనిషికి మిగిలేవి రెండు: కాళ్ళనొప్పి, జ్ఞాపకం. మొదటిది రెండు రోజులలో దానంతట అదే పోతుంది. రెండవది పోకుండా నిలుపుకోవాలంటే కొంత శ్రమ పడక తప్పదు. నేడు చేతిలోని ఫోను వందల చిత్రాలు తీసిపెడుతున్నది గాని, ఏరి కూర్చుకోని చిత్రాలు గాదెలో పోసిన తూర్పారబట్టని ధాన్యం వంటివి. అందుకే దంపతులు తాము చేసిన విహారయాత్రలను ఒక పుస్తకంలో అతికించి, పక్కన నాలుగు మాటలు వ్రాసి ఉంచుకోవడం మంచి అలవాటని మా అభిప్రాయం. అయితే ఆ పుస్తకం ఇద్దరి చేతులతోనూ తయారు కావాలి.

ఇది మనకు కొత్త విద్య కాదు. మొగలుల కాలంలో చిత్రాలను, అందమైన దస్తూరీని పుటలకు అతికించి 'మురక్కా'లు కట్టించేవారు. ఉర్దూ ఇండ్లలో నచ్చిన షేర్లను వ్రాసుకునే 'బయాజ్' ఉండేది. తెలుగులో ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో చేసిన కాశీయాత్రను మజిలీ వెంట మజిలీగా వ్రాసుకోబట్టే, 1838లో అచ్చయిన ఆ గ్రంథం నేటికీ మనకు దారి చూపుతున్నది.

మా స్వానుభవం ఒకటి చెప్పక తప్పదు. పెండ్లయిన మూడవ ఏట మేము గండికోటకు వెళ్ళాము. జమ్మలమడుగు దాటి, ఎర్రరాతి కోటలో ప్రవేశించి, ఒకదాని కొకటి పిలిస్తే పలికే దూరంలో ఉన్న జామియా మసీదును, రంగనాథాలయాన్ని, రాతితో కట్టిన ధాన్యాగారాన్ని చూచి వచ్చాము. తిరిగివచ్చాక ఎంతో ఉత్సాహంతో ఒక పుట సిద్ధం చేశాము. బస్సు టిక్కెట్టు, ఎండిన ఆకు, రెండు ఛాయాచిత్రాలు అతికించి, కింద "పెన్నానది రాళ్ళను కోసుకొని పారే లోయను చూచి మేము పరవశించినాము" అని వ్రాశాము.

మా శ్రీమతి ఆ పుటను చదివి, "ఈ 'మేము' ఎవరండీ?" అని అడిగింది.

అప్పుడు గాని మాకు జ్ఞాపకం రాలేదు. పసిబిడ్డ భుజం మీద నిద్రపోతుండగా ఆమె మసీదు నీడలోనే కూర్చుండిపోయింది. రాళ్ళెక్కి లోయ అంచుకు పోయింది మేమొక్కరమే. ఆమె నదిని చూడనే లేదు. వ్యాకరణం ప్రకారం మా బహువచనం సరియైనదే; నిజం ప్రకారం అది తప్పు.

ఈ తప్పు మా ఒక్కరిది కాదు. 1325లో టాంజియర్ నుండి బయలుదేరి దాదాపు ముప్పది ఏండ్లు లోకం తిరిగిన ఇబ్న్ బతూతా తన యాత్రలను చెప్పి వ్రాయించాడు. దారిలో చేసుకున్న పెండ్లిండ్ల ప్రస్తావన అందులో ఉన్నది గాని, ఆ భార్యలు చూచిన లోకం లేదు. భోపాలు నేలిన సికందర్ బేగం మాత్రం 1863-64లో చేసిన హజ్ యాత్రను తానే వ్రాసుకున్నది. రాణి గనుక ఆమె చేతికి కలం అందింది. మన ఇండ్లలో ఎందరి చేతికి అందింది?

మరుసటి ఏడు మళ్ళీ గండికోటకు వెళ్ళాము. ఈసారి బిడ్డను ఎత్తుకొని మసీదు నీడన కూర్చున్నది మేము. తరువాత చేసిన పుటలో నడుమ ఒకే చిత్రం ఉన్నది. ఎడమ నుండి మా తెలుగు, కుడి నుండి ఆమె ఉర్దూ. మేము కట్టడాల పేర్లు వ్రాస్తే, ఆమె తాగునీరు ఎక్కడ దొరకలేదో, మజ్జిగ పోసిన ముసలమ్మ ఏమని దీవించిందో వ్రాసింది. రెండూ కలిస్తేనే అది యాత్ర అయింది.

ఇటువంటి పుస్తకానికి పెద్ద ఖర్చేమీ లేదు. మందపు కాగితాల నోటుపుస్తకం చాలు. ఆకును వార్తాపత్రికల నడుమ పెట్టి వారం రోజులు బరువు కింద ఉంచితే చదునుగా ఎండుతుంది. యంత్రం ముద్రించే నేటి టిక్కెట్ల అక్షరాలు వెలిసిపోతాయి గనుక తేదీని, ఊరి పేరును పక్కన సిరాతో వ్రాయాలి. సెల్లోటేపు కొన్నాళ్ళకు పసుపు మరకలు చేస్తుంది. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదని పుస్తకాలు కుట్టేవారికి తెలుసు. అది విషం గనుక పిల్లలకు అందనీయరాదు. కోటలోని రాతిముక్కను మాత్రం జ్ఞాపకానికని తీసుకురాకూడదు. అది అందరి సొత్తు.

ఇంటి ఆడవారి చిత్రాలు నలుగురి కంట పడడం కొందరికి ఇష్టముండదు. అట్టివారికి ఈ పుస్తకమే మేలు. ఫోనులోని బొమ్మ ఎక్కడికి పోతుందో తెలియదు. పుస్తకం బీరువాలో ఉంటుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! మీకింకా వివాహాలు కాలేదు గదా అనకండి. ఈ సెలవులలో మీ అమ్మీ అబ్బాలను కూర్చోబెట్టి, వారు కలిసి చేసిన ఒక్క ప్రయాణాన్ని చెప్పమనండి. వ్రాయలేని వారి మాటను మీరు వ్రాయండి. అబ్బా చెప్పినంత మేర అమ్మీకీ స్థలం ఉంచండి. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒకటే: వార్షికోత్సవం నాడు ఇటువంటి పుటలకు ఒక బల్ల కేటాయించండి. విద్యార్థుల విహారయాత్రకు ఒక ఖాళీ పుస్తకం కొనిచ్చి, అందులో బాలికల చేత కూడా వ్రాయించండి.

మన ఈ సంచికలోనే ఉర్దూ కుడి నుండి, తెలుగు ఎడమ నుండి నడచివచ్చి నడుమ కలుసుకుంటున్నవి. ఇంటిలోని పుస్తకానికీ ఆ పద్ధతి చాలు. అప్పుడు 'మేము' అని వ్రాసిన చోట నిజంగా ఇద్దరుంటారు.