మగ్గం గది, నడుము నొప్పి, చలిజ్వరం

ప్రశ్న: మాది ఇల్లెందు దాటాక అడవి అంచున ఒక ఊరు. మా ఆయనకు నలభై నాలుగేళ్ళు. ఇంటి వెనుక వసారాలో గుంట మగ్గం ఉంది. పక్కనే కూర్చుని నేను కండెలు చుడతాను. మిగిలిన వేళల్లో బట్టలు కుడతాను. నాలుగేళ్ళుగా ఆయనకు నడుము, మెడ, కుడి భుజం ఒకటే నొప్పి. మా ఊరికి వచ్చే ఒకాయన వారానికొక ఇంజక్షను చేసి, పొట్లంలో మాత్రలు కట్టి ఇస్తున్నారు. వేసుకున్న రెండు రోజులు హుషారుగా నేస్తారు. మూడోనాటికి మళ్ళీ మామూలే. ముఖం మాత్రం కాస్త ఉబ్బి నిండుగా కనిపిస్తోంది. పన్నెండు రోజుల నుంచి రోజు విడిచి రోజు చలి వచ్చి వణుకుతున్నారు. తర్వాత జ్వరం కాసి, చెమటలు పోసి తగ్గుతోంది. మర్నాడు మళ్ళీ మగ్గంలో కూర్చుంటున్నారు. నడుము నొప్పి వల్లే జ్వరమని అందరూ అంటున్నారు. నాకు ముప్ఫై తొమ్మిది. సాయంత్రానికి తలనొప్పి, కళ్ళవెంట నీళ్ళు. నా పుట్టిల్లు ఆలేరు వైపు. మా అమ్మ ఆసు పోసి పోసి చివరికి భుజం ఎత్తలేకపోయేది. ఈ వృత్తే రోగమా? మగ్గం పీకేయమంటారా?
– ఒక సోదరి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు: అమ్మా! నొప్పుల గురించి అంత వివరంగా వ్రాసి జ్వరం సంగతి మధ్యలో నాలుగు మాటలతో సరిపెట్టారు. నేను ఆ నాలుగు మాటలతోనే మొదలుపెడతాను. రోజు విడిచి రోజు చలి, వణుకు, జ్వరం, చెమట! నడుము నొప్పికి ఇలాంటి జ్వరం రాదు. మీరుండే ప్రాంతంలో ఇలాంటి జ్వరాన్ని, పరీక్ష చేసి కాదని తేలేవరకు, మలేరియాగానే అనుకోవాలి. ఈ పత్రిక పక్కన పెట్టి, ఈ రోజే మీవారికి రక్తపరీక్ష చేయించండి. దానికి పట్నం దాకా పోనక్కరలేదు. మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గర పరీక్ష బిళ్ళ ఉంటుంది. వేలి కొస నుంచి ఒక్క చుక్క రక్తం తీసి, ఇరవై నిమిషాలలో చెప్పగలదు. ఆమె లేకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. పరీక్షా, మందూ రెండూ ఉచితమే.

మలేరియాలో మన వైపు ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఫాల్సిపారం రకం అశ్రద్ధ చేస్తే మెదడుకు ఎక్కి ప్రాణం తీస్తుంది. వైవాక్స్ రకం అంత తొందరపెట్టదు గాని, కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది. దానిని అక్కడినుంచి వెళ్ళగొట్టడానికి ప్రైమాక్విన్ మాత్రలు పద్నాలుగు రోజులు వేసుకోవాలి. జ్వరం మూడోరోజుకే తగ్గింది కదా అని మిగిలిన మాత్రలను డబ్బాలో దాచేవారు చాలామంది. అలా చేస్తే ఆ జబ్బు మళ్ళీ పలకరిస్తుంది. కొందరి రక్తానికి ఈ మాత్ర పడదు. మూత్రం నల్లగా వచ్చినా, కళ్ళు పచ్చబడినా మందు ఆపి వెంటనే డాక్టరుకు చూపాలి. గర్భిణులకు ఇది ఇవ్వకూడదు.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటుంది. ఈ మలేరియా మీ ఇంట్లో ఎక్కడ కూర్చుని ఉంది? నా అనుమానం మగ్గం గుంట మీద. నేతగాడికి గదిలో కాస్త చెమ్మ కావాలి. గాలి పొడిగా ఉంటే పడుగు పోగులు పటపట తెగుతాయి. అందుకే తలుపు ఓరగా వేసుకుంటారు, నేల తడుపుతారు. ఇది వృత్తి ధర్మం. కాదనడానికి నాకు అధికారం లేదు. కాని చీకటి, చెమ్మ, గాలి కదలని మూల అంటే దోమకు కూడా అత్తవారిల్లే! చుట్టుపక్కల వాగుల్లో పుట్టిన దోమ పగలంతా అలాంటి చోట నక్కి, పొద్దుపోయాక బయటికి వస్తుంది. మీవారు తెల్లవారుజామునా, రాత్రి దీపం వెలుగులోనూ నేస్తారేమో, మోకాళ్ళ దాకా కాళ్ళు అందులోనే ఉంటాయి. (దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధం బయటపడింది మన సికిందరాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు. మన గడ్డ మీద తేలిన నిజాన్ని మన ఇళ్ళలోనే మరిచిపోతే ఎలా?)

కాబట్టి చెమ్మను ఉంచుకుని, దోమను పంపే ఉపాయం చూద్దాం. తెల్లవారాక ఒక గంట, నేత మొదలుపెట్టే ముందు, తలుపు కిటికీలు బార్లా తెరవండి. నేసే వేళ కిటికీకి తడి గోనె వ్రేలాడదీస్తే గాలి ఆడుతుంది, పోగులకు చెమ్మా అందుతుంది. కిటికీకి దోమల జాలీ కొట్టించండి. గుంట గోడలకు సున్నం వేస్తే లోపల ఏం దాగినా కనిపిస్తుంది. మందు చల్లేవాళ్ళు వచ్చినప్పుడు, నూలు పాడవుతుందని మగ్గం గదికి తాళం వేసేవాళ్ళుంటారు. అదే చేయకూడదు. నూలును, పడుగును ప్లాస్టిక్ పట్టాతో కప్పి గది గోడలన్నిటికీ మందు కొట్టించండి. కొట్టించాక రెండు మూడు నెలల దాకా గోడలు అలకవద్దు, సున్నం వేయవద్దు. వేసేదుంటే ముందే వేసుకోండి. రాత్రి దోమతెరలోనే పడుకోండి. మగ్గం గదిలో చిన్నపిల్లల్ని పడుకోబెట్టవద్దు.

అడవి అంచు ఊరు గనుక ఇంకొక మాట. గుంటలో కాళ్ళు పెట్టేముందు టార్చి వేసి చూసి, కర్రతో తొక్కుడు పలకలు తట్టాలి. తేలో, పామో అందులో చల్లగా ఉంటుందని చేరుతుంది. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం వద్దు. కాలు కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు ఇంజక్షను ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇప్పుడు ఆ వారంవారం ఇంజక్షను. అది ఏమిటో చీటీ లేదంటున్నారు, పేరు లేని మందుకు నేను పేరు పెట్టలేను. కాని రెండు రోజుల హుషారు, ఉబ్బిన ముఖం చూస్తే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించక తప్పదు. అది నొప్పిని నయం చేయదు, నోరు మూయిస్తుంది. నెలల తరబడి వాడితే చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గుతుంది, జ్వరం కూడా పైకి కనిపించకుండా నక్కి ఉంటుంది. పొట్లంలోవి నొప్పి మాత్రలయితే కడుపులో పుండు, మూత్రపిండాలకు హాని. అయినా ఒక్కసారిగా మానేయకండి! చాలాకాలం స్టెరాయిడ్ వాడినవాళ్ళు హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రమాదం. మిగిలిన మాత్రలు, ఖాళీ ఇంజక్షను సీసా ఉంటే అదీ పట్టుకుని ప్రభుత్వాసుపత్రి డాక్టరుకు చూపండి. రక్తపోటు, చక్కెర, మూత్రపిండాల పరీక్ష చేయించి, ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు.

మరి నొప్పి? దాని మందు చాలావరకు మగ్గంలోనే ఉంది. గుంట మరీ లోతయితే తొక్కుడు పలకలు అందక, మనిషి ముందుకు జారి నడుము వంచుతాడు. లోతు తక్కువయితే మోకాళ్ళు పైకి లేచి, వెన్ను విల్లులా వంగుతుంది. పాదం పలక మీద ఆనినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, అంతే. లోతు ఎక్కువయితే గుంట పూడ్చనక్కరలేదు, పలకల కింద చెక్క ముక్క వేసి ఎత్తు సరిచేయవచ్చు. కూర్చునే పలక మీద మందంగా మడిచిన గొంగడి వేసి, వెనుక వైపు కొంచెం ఎత్తుగా ఉంచితే వెన్ను దానంతట అదే నిలబడుతుంది. నేసే బట్ట మోచేతి ఎత్తుకు దగ్గరగా ఉండాలి.

కుడి భుజం నొప్పికి నా ఊహ చెబుతాను, ఇంట్లోనే సరిచూసుకోండి. నాడెను విసరడానికి లాగే తాడు పిడి ఎక్కడ వ్రేలాడుతోంది? తలకు సమానంగా ఉంటే, ప్రతి పేక పోగుకూ చెయ్యి పైకి లేస్తుంది. రోజుకు అది ఎన్ని వేలసార్లో లెక్క వేసుకోండి. తాడు కాస్త పొడుగు చేసి, మోచెయ్యి పక్కటెముకల దగ్గరే ఉండేలా పిడిని దించండి. నాలుగయిదు కండెలు అయిపోగానే లేచి, రెండు చేతులు నడుముకు ఆనించి వెనక్కు వంగి, నాలుగడుగులు నడవాలి. గడియారం చూడనక్కరలేదు, కండే గడియారం. రాత్రి వేడినీళ్ళ కాపడం మంచిది. కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం బిగపట్టినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

మీ అమ్మగారి భుజం సంగతికి వస్తాను. టై అండ్ డై చీర నేసేముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పే పనే ఆసు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడించాలి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు తల్లి భుజం నొప్పి చూడలేక, ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే కలిపి లక్ష్మి ఆసు యంత్రం అన్నారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ కొడుకు తల్లికి మాత్రలు కొనిపెట్టి ఊరుకోలేదు, పనిముట్టును మార్చాడు. కాబట్టి వృత్తే రోగమా అంటే, కాదంటాను. మగ్గం పీకనక్కరలేదు, సరిచేయండి.

మీ సంగతి త్వరగా చెబుతాను. నలభై దగ్గర పడగానే చత్వారం మొదలవుతుంది. సాయంత్రం తలనొప్పి, కళ్ళనీళ్ళు చాలాసార్లు దానివే. కంటి పరీక్ష చేయించి కళ్ళజోడు పెట్టుకోండి, అందులో సిగ్గేమీ లేదు. వెలుతురు ఎడమ పక్క నుంచి సూది మీద పడాలి, కళ్ళలో కాదు. పెంకుటిల్లయితే నాలుగు పెంకుల మధ్య ఒక అద్దం పెంకు వేయిస్తే, పగలు దీపం పని ఉండదు. నల్ల బట్టకు నల్ల దారం కుట్టే పని పొద్దున్నే పెట్టుకోండి. కండెల రాట్నాన్ని నేల మీద కాక చిన్న బల్ల మీద పెట్టి, మీరు పీట మీద కూర్చోండి. పొడిదగ్గు ఉంటే ముక్కుకు బట్ట కట్టుకోండి. రెండు వారాలు దాటితే మాత్రం నూలు దుమ్మని అనుకోక, కళ్ళె పరీక్ష చేయించండి.

ప్రశ్న: మాది గోదావరి ఒడ్డు. వరదకు మగ్గం గుంట నిండింది. నీళ్ళు తోడేశాము. ఎప్పుడు కూర్చోవచ్చు?
– ఒక నేత కార్మికుడు, భద్రాచలం

జవాబు: భద్రాచలంలో గోదావరి 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. అలాంటి నీటితో ఊళ్ళోని మురుగూ, ఎలుకల మూత్రమూ అన్నీ కలుస్తాయి. బురద ఎత్తేటప్పుడు బూట్లు వేసుకోండి, కాళ్ళ మీద పుండ్లుంటే ఆ పని వేరే వారికి అప్పగించండి. గుంట పూర్తిగా ఎండాక సున్నం చల్లి, తర్వాతే కూర్చోండి. తడిసిన కరెంటు బోర్డును మనిషి చేత చూపించకుండా దీపం వేయవద్దు. బురదలో దిగిన రెండు మూడు వారాలలో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే ఎలుక జ్వరం కావచ్చు. డాక్టరుకు వరద సంగతి తప్పక చెప్పండి.

ప్రశ్న: బుట్టలు, చాటలు అల్లుతాను. వెదురు పేడు అరచేతిలో గుచ్చుకుని విరిగింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నెలయినా వాపు పోలేదు.
– ఒక మేదరి సోదరుడు, పాల్వంచ

జవాబు: వెదురు ఎక్స్‌రేలో సాధారణంగా కనబడదు. ఏమీ లేదంటే లోపల ముక్క లేదని కాదు. అల్ట్రాసౌండ్ పరీక్షలో కనబడే అవకాశం ఎక్కువ. అది చేయించి, ముక్క ఉంటే సర్జను చేత తీయించుకోండి. మీరు సూదితో కెలకవద్దు. ధనుర్వాతం టీకా వేసుకుని అయిదేళ్ళు దాటితే, ఇప్పుడు వేయించుకోండి.