చీటీ లేకుండా షుగర్ మాత్రలా?

కృష్ణా జిల్లా వైద్య ఆరోగ్య, ఔషధ నియంత్రణ అధికారులకు,

బందరు, గుడివాడ, దివిసీమల్లో చాలా మందుల షాపుల్లో పాత స్ట్రిప్ ముక్క చూపిస్తే చాలు, గ్లిమెపిరైడ్-మెట్‌ఫార్మిన్ మాత్రలు చేతిలో పడతాయి. డాక్టరు చీటీ ఏదని అడిగేవారు తక్కువ. ఆ ముక్క ఒక్కోసారి పక్కింటివాళ్లది!

గ్లిమెపిరైడ్ మనిషి తిన్నాడో లేదో చూడదు. క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. తెల్లవారుజామున మాత్ర మింగి, ఏమీ తినకుండా నాగాయలంకలో పడవెక్కినవాడికైనా, నాట్లకు దిగిన ఆడమనిషికైనా చెమటలు, వణుకు, చూపు మసకబారడం, ఆపై స్పృహ తప్పడం. కార్తిక సోమవారం ఉపవాసమున్న ముసలమ్మకూ అదే ప్రమాదం. కిడ్నీలు బలహీనమైతే మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. పంచదార నీళ్లు తాగి తేరుకున్నా మళ్లీ పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టే ముందూ క్రియాటినిన్ చూడాలి. కౌంటరు దగ్గర అదెవరు చూస్తారు?

తప్పంతా షాపువాళ్లదే అనను. ఏరు దాటి అవనిగడ్డ ఆసుపత్రికి వెళ్తే ఒక రోజు కూలి పోతుందని ఎదురుమొండి మనిషి లెక్క. అది తప్పుడు లెక్కేం కాదు.

అందుకని 104 వాహనం ఊరికొచ్చే రోజున, సొంతంగా మాత్రలు వాడుతున్నవారి పేర్లు రాయించండి. షుగర్‌తో పాటు క్రియాటినిన్‌కూ రక్తం తీయించి, డాక్టరు చేత మోతాదు రాయించండి. ఆ తర్వాతే షాపుల్లో తనిఖీలు మొదలుపెట్టండి. ముందే కట్టడి చేస్తే ఉన్నట్టుండి మందు ఆగిపోయి, షుగర్ పెరిగి మంచాన పడేవాళ్లుంటారు. ఏ మండలంలో ఎప్పుడు మొదలవుతుందో తేదీలతో ప్రకటించగలరు.

ఇట్లు,
దివిసీమ వాసి