పటం కోస్తే కత తెగుతది

ఒక గ్యాలరీ ప్లాను కాగితం ఈ మధ్య నా చేతికి వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో అంశం రాసి ఉంది: గ్రామీణ తెలంగాణ సౌందర్యం. కింద గోడల కొలతలు, లైట్లు, ఫొటోలు దిగే చోటు. మూడో గోడ దగ్గర ఒక్క వాక్యం: పద్మశాలీల పటం పొడవు ఎక్కువైంది కాబట్టి బొమ్మలు బాగున్న నాలుగు గళ్లు వేరుచేసి ఫ్రేములు కట్టించాలి.

వేరుచేయడమంటే కత్తెర పెట్టడమే. ప్లాను మీద జరిగిన సమావేశంలో ఆ వాక్యం చదివి వినిపించినప్పుడు బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నేను చెప్పాను, ఎవరూ రాసుకోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పటమంటే గోడకు వేలాడే బొమ్మ కాదు. ముతక నూలుబట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు కలిపి పూత పూస్తారు. అది ఆరాక ఎర్రటి నేల పరిచి, శంఖం తెలుపు, దీపం మసి నలుపు, నీలిమందు నీలం, ఇంగిలీకం ఎరుపుతో నకాషీ చిత్రకారులు కథంతా వరుసగా దించుతారు. మొదటి గడిలో గణపతి. ఆ తర్వాత ఒక్కో గడి విప్పుతూ, కర్రతో చూపుతూ, పాడుతూ కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు. ముప్ఫై అడుగులు, నలభై అడుగులు, ఒక్కోసారి అంతకన్నా పొడవు. రాత్రుళ్లకు రాత్రుళ్లు సాగే కథకు ఆ పొడవు కావాలి. అది ఎక్కువైందని కొలిచేవాడు కథ విననివాడే.

పైగా ఈ కథ ఊరందరి కోసం కట్టింది కాదు. పద్మశాలీలకు కూనపులి, ముదిరాజులకు కాకిపడగల, మాదిగలకు డక్కలి. ఒక్కో కులానికి ఒక్కో పటం, ఒక్కో చెప్పేవాడు. ఏ ఊళ్లో ఎవరు చెప్పాలో వంశపారంపర్యపు మిరాశీ ఉంటుంది. చెప్పినందుకు ఇచ్చేదాన్ని త్యాగం అంటారు. అది దానం కాదు, హక్కు. ఇంత కట్టుబాటు ఉన్న వస్తువును తెచ్చి 'జానపద కళ' అని ఒక ముక్క కింద రాసి వదిలేస్తే, చెప్పినవాడినీ విన్నవాడినీ ఇద్దరినీ గదిలోంచి వెళ్లగొట్టినట్టే.

హైదరాబాదులో జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో 1625 నాటి పటం ఒకటి ఉంది. అదీ పద్మశాలీల కథే. అలాంటి పాత పటాల ఫొటో ఒకటి నా ఫోనులో ఉంటే సిరిసిల్లలో ఒక ముసలి ఆసామికి చూపించాను. సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆపి, కళ్లద్దాలు పైకి నెట్టి, తెర మీద వేలు పెట్టాడు. ఆ వేలికి నూలుదుమ్ము అంటుకుని ఉంది. "గీయిన మా భావనారుషి గదా బిడ్డా, పులి మీద కూసున్నడు" అన్నాడు. వేలితో కిందికి జరిపాడు, పైకి జరిపాడు. ఫొటోలో అంతకన్నా లేదు. "మరి యాగమేది? పెండ్లేది? మిగిలిందేది?" అని నన్నడిగాడు.

నాలుగు ఫ్రేముల ముందు నిలబెట్టి ఆ మనిషికి ఏం జవాబు చెబుతారు?

పొడవైన పటాన్ని మొత్తం పెడితే రంగు పాడవుతుందని వాదిస్తారు. పాడవుతుంది, నిజమే. ఇలాంటి బట్టల మీద వెలుగు యాభై లక్సులు దాటకూడదని మ్యూజియంల పని తెలిసినవాళ్లు చెబుతారు. ఏడాది పొడుగునా ఒకే గడి మీద దీపం వేసి ఉంచకూడదనీ చెబుతారు. దానికి మందు కత్తెర కాదు. పైన ఒక రూళ్లకర్ర, కింద ఒక రూళ్లకర్ర. రెండు నెలలకు మూడు గళ్లు విప్పండి, మిగిలింది చుట్టి చీకట్లో ఉంచండి. కూనపులివాళ్లు చేసేది సరిగ్గా ఇదే. విప్పిన గళ్ల కథ ఆ నెలల్లో చెప్పించండి. తరువాయి వినడానికి జనం మళ్లీ వస్తారు. పటం బతుకుతుంది, కథా బతుకుతుంది. ఇంతకన్నా మంచి ప్రదర్శన పద్ధతి ఏ దేశం నుంచి తెచ్చుకోవాలి? జనం నేలమీద కూర్చుని చూసేవాళ్లు కాబట్టి పటాన్ని ఆ ఎత్తుకే కట్టండి. ముందు జంపఖానా పరవండి.

ఇక అంశం సంగతి. 'గ్రామీణ సౌందర్యం' అనే మాట మగ్గాన్ని చూపించి మనిషిని దాచేస్తుంది. సిరిసిల్లలో అప్పులకు ఉరిపోసుకున్న నేతగాళ్లున్నారు. భీమండికి, సూరత్‌కు, షోలాపూర్‌కు పోయిన కుటుంబాలున్నాయి. మా కోరుట్లలో గల్ఫ్‌కు మగవాళ్లు పోతే తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. వీళ్ల ముందు సౌందర్యమని బోర్డు కట్టడానికి నాకు చేతులు రావు. ఒకే ఒక్క మాట పెట్టండి: పోగు. విష్ణువు నాభికమలం తూడు నుంచి భావనారుషి తీసిన పోగు దగ్గర మొదలుపెట్టి, సాంచాల మీద ఉరికే పోగు దాకా రండి. 2022లో నేతగాడు యెల్ది హరిప్రసాద్ మగ్గం మీద జీ20 గుర్తు నేసి ప్రధాని ప్రసంగంలోకి ఎక్కాడు. ఆ పోగునూ తెండి. చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మలూ తెండి. ఆయన ఈ ఉమ్మడి కరీంనగర్ బూరుగుపల్లిలో 1942లో పుట్టినవాడు, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివి మళ్లీ తన ఊరి ఆడవాళ్ల దగ్గరికే వచ్చినవాడు. అయితే ఆయన గీసిన స్త్రీ కట్టిన చీరకు ఎదురుగా అలాంటి చీర నేసే కులం పటం ఉండాలి. అప్పుడు ఆ రెండు గోడలు ఒకదానితో ఒకటి మాట్లాడతాయి.

ఎక్కడ పెట్టాలంటే సిరిసిల్లలోనే. మిల్లుల ఊరు అహ్మదాబాదు 1949లోనే కాలికో మ్యూజియం పెట్టుకుంది. బట్ట చరిత్రను బట్ట నేసే ఊళ్లోనే నిలిపింది. మనం మాత్రం ప్రతి మంచి వస్తువునూ రాజధానికి మోస్తాం, ఆ వస్తువు ఎవరిదో వాళ్లు బస్సెక్కి వెళ్లి టికెట్టు కొని చూడాలంటాం. దాచుకోకపోతే ఏమవుతుందో కోరుట్లవాడిగా నాకు తెలుసు. నిజాం కాలంలో పట్వారీల లెక్కల పుస్తకాలకు మా ఊరి చేతి కాగితం పోయేది. ఇవాళ మా వీధి పిల్లల్ని అడగండి, కోరుట్ల కాగితమా అని మీ ముఖం వంక చూస్తారు. పటానికీ అదే గతి పట్టనిస్తారా?

పటం చినిగి పాతబడితే కూనపులివాళ్లు దాన్ని చెత్తలో వేయరు. చనిపోయిన మనిషికి చేసినట్టు చేసి నదిలో కలుపుతారు. ఆ మర్యాద తెలిసినవాడు ఆ బల్ల దగ్గర ఒక్కడు ఉన్నా కత్తెర మాట పుట్టేది కాదు. అందుకే నా మొదటి డిమాండ్ గోడల గురించి కాదు, మనుషుల గురించి. గ్యాలరీ కమిటీలో ఒక కూనపులి ఉండాలి, ఒక నకాషీ ఉండాలి, సాంచాలు నడిపే ఆసామి ఒకడు ఉండాలి. భోజనాల వేళ వచ్చి ఆశీర్వదించి పోవడానికి కాదు, అంశం నిర్ణయించడానికి. కథ చెప్పేవాడికి నెల జీతం ఉండాలి. వారసత్వంగా వచ్చిన త్యాగం ఊళ్లలో ఎండిపోయిన చోట ఆ బాకీ గ్యాలరీ తీర్చాలి.

ఆ ప్లాను కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. అందులో ఏసీ యంత్రానికి చోటు గీశారు, టికెట్ల కిటికీకి గీశారు, కథ చెప్పేవాడు కూర్చునే చోటు ఎక్కడా లేదు. ముందు అది గీయండి, గోడల సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.