తప్పు నలుపుది కాదు, పొడిగుడ్డది

"నల్ల కారు కొనకండర్రా, దాన్ని కాపాడలేం" అని మన ఇళ్ళల్లో పెద్దలు ఇప్పటికీ అంటారు. మేం ఒప్పుకోం. తెల్ల కారు మీదా అవే గీతలు పడతాయి. నలుపు వాటిని దాచదు, అంతే. మేం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్ళం. తప్పు చూపించిందని టెస్టును తీసేయం, తప్పును దిద్దుతాం.

కనకమ్మ సత్రం దగ్గర ఇల్లంటే చెన్నై–తిరుపతి రోడ్డు దుమ్మంతా మనదే. పొద్దున్నే ఆ దుమ్ము మీద పాత పంచెముక్కతో పొడిగా రుద్దుతారు. అది తుడవడమా? ఉప్పుకాగితం పట్టడం! రంగు పైనుండే క్లియర్ కోటు మందం సుమారు 40–50 మైక్రాన్లు, అంటే నోటుబుక్కు కాగితంలో సగం. గీతలు పోవాలని పాలిష్ పట్టిస్తే అదీ ఇంకాస్త అరుగుతుంది.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. నీడలో పెట్టి, ముందు నీళ్ళు పోసి దుమ్ము జార్చండి. షాంపూ నీళ్ళకొక బకెట్టు, గుడ్డ జాడించడానికి ఇంకొకటి. బోరునీళ్ళు ఎండితే తెల్లమచ్చలు మిగులుతాయి, నలుపు ఎండకి తొందరగా కాలుతుంది కూడా. అందుకే మైక్రోఫైబర్ గుడ్డతో వెంటనే ఒత్తి ఆరబెట్టాలి.

తిరుత్తణిలో బండి పూజ మానమనం. కానీ పసుపూ గంధం బానెట్ నిండా పూసి, ఎండాక గోటితో గీకడం భక్తి కాదు. బొట్టు అద్దం మీద పెట్టినా స్వామికి కనబడుతుంది.

ఏళ్ళ తరబడి కంతులు కట్టేది మనమే. ముందు ఆ పంచెముక్కను కారు దగ్గర్నుంచి తీసేయండి.